యీషున్‌లో ఆషాఢం

మూడోసారి కూడా ఇమిగ్రేషన్ కౌంటర్ వెనకాయన ప్రశ్నలన్నీ యూలాన్‌నే అడిగాడు, అదీ చైనా భాషలో. ఉపేంద్ర పక్కనే కూర్చున్నాడు. అర్జీ పెట్టింది తను. ఇక్కడ స్థిరంగా ఉండటానికి పీఆర్ ఉన్నది తనకి. స్పాన్సర్ అన్నచోట సంతకం తనది. అయినా ఆ మనిషి తనవైపు చూసింది ఒక్కసారే, అదీ మోచెయ్యి బల్ల మీంచి తియ్యమని చెప్పడానికి.

యూలాన్ పొట్టి పొట్టి జవాబులు చెప్పింది. ఒక ప్రశ్నకి మాత్రం వెంటనే బదులివ్వకుండా ఆయన పళ్లవంక చూస్తూ ఉండిపోయింది. అది ఆమె అలవాటు. ఇక్కడి డెంటల్ ల్యాబులో ఏళ్ల తరబడి కట్టుడు పళ్లు చేసిన మనిషి, ఎదుటివాళ్ల మాట నచ్చకపోతే కళ్లలోకి చూడదు, పళ్లు చూస్తుంది. చివరికి ఏదో ఒక్క ముక్క అంది. ఆయన కాగితాలన్నీ సర్ది, క్లిప్పు పెట్టి, వెనక్కి తోసేశాడు.

"ఏమన్నాడు?" ఎస్కలేటర్ మీద అడిగాడు ఉపేంద్ర. ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషు. అందులో ఆమె చైనా యాస కొంత, అతని తణుకు యాస కొంత, మిగిలింది సింగపూర్‌ది.

"ఇంటికొచ్చి చూస్తారట. ఎప్పుడన్నది చెప్పరట."

"అంతసేపు మాట్లాడాడు, అంతేనా?"

"మిమ్మల్ని ఎవరు కుదిర్చారు, ఏజెంటు పేరేంటి అన్నాడు." యూలాన్ సంచి భుజానికి సర్దుకుంది. "నేనే కుదుర్చుకున్నా అని చెప్పా."

ఉపేంద్ర పైకి పోయే ఎస్కలేటర్ వైపు తిరిగాడు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "వెళ్తే మళ్లీ నంబర్ తీసుకోవాలి. మన ముందు ఎంతమందున్నారో చూశావుగా."

ఆ మాట నిజం. నిజం కాబట్టే అతనికి ఇంకా మండింది.

ల్యాబు మూతపడటంతో యూలాన్ వర్క్ పాస్ పోయింది. అప్పట్నుంచీ విజిట్ పాస్‌ని అతుకులేసి పొడిగించుకుంటూ వస్తున్నారు. ఈసారిది వచ్చేనెల మొదటివారం దాటదు. ఈలోపు భార్యగా లాంగ్ టర్మ్ పాస్ ఇస్తే ఇక్కడే ఉంటుంది. ఇవ్వకపోతే చైనా వెళ్లిపోవాలి. ఒకసారి దొంగపెళ్లి అన్న అనుమానంతో కాదన్నారంటే, మళ్లీ అవుననడం ఎంత కష్టమో ఆ ఆఫీసు బెంచీల మీద కూర్చున్న ఎవర్నడిగినా చెప్తారు.

రైల్లో ఉండగా ఫోన్ మోగింది. ఆ వారంలో ఇది మూడో కన్సల్టెన్సీ. బ్యాంకుల ప్రాజెక్టులు చేసినవాళ్లు అర్జెంటుగా కావాలట. "పాస్ గురించి మీరు ఆలోచించకండి సార్, పది రోజుల్లో మేం తెప్పిస్తాం," అంటోంది అవతలమ్మాయి హుషారుగా.

"నాక్కాదు కావాల్సింది," అని పెట్టేశాడు. తన్ను మాత్రం ఏ కంపెనీ అయినా ఎర్ర తివాచీ పరిచి పిలుస్తుంది, తన పెళ్లాన్ని మాత్రం ఏజెంటు ఎవరని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ బూమ్ అంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

*

యీషున్ ఫ్లాట్‌లో రత్తమ్మ నోట్లో పళ్లు లేకుండా కూర్చుని ఉంది. కొడుకుని చూడటానికి తణుకు నుంచి వచ్చి నెల దాటింది. వచ్చేటప్పుడే కింది వరస పళ్ల సెట్టు చిగురుని కోస్తోందని, అన్నం ముందు తీసి గ్లాసులో వేసేది. యూలాన్ అది చూసి చూసి, నిన్న రాత్రి తన పాత పనిముట్ల డబ్బా బయటికి తీసింది.

ఇప్పుడు వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంది. ముందు రత్తమ్మ నోట్లో సెట్టు పెట్టి, మధ్యన నీలం కాగితం ముక్క ఉంచి, కొరకమని తన పళ్లు టకటకలాడించి చూపించింది. రత్తమ్మ కొరికింది. సెట్టు బయటికి తీసి, నీలం మరక పడ్డచోట సన్నని ఆకురాయితో అరగదీసింది. బొటనవేలితో తడిమింది. మళ్లీ నోట్లో పెట్టింది. మళ్లీ కాగితం. మాటామంతీ లేకుండా ఇద్దరూ ఆ పనిలో పడిపోయారు. వచ్చిన కొత్తలో యూలాన్ వండిన గిన్నెని రత్తమ్మ ఇంకోసారి తోముకుని గానీ వాడేది కాదు.

"ఏరా, గ్రీన్ కార్డు ఇచ్చారా?"

"గ్రీన్ కార్డు అమెరికాదమ్మా. ఇక్కడ ముందు పాసు, తర్వాత పీఆర్."

"ఏదో ఒహటి. ఇచ్చారా?"

"ఇవ్వలేదు. ఇంటికొచ్చి చూస్తారంట, మేం కలిసుంటున్నామో లేదో."

"చూత్తే చూడనీ." రత్తమ్మ బోసినోటితో తేలిగ్గా అంది. "అదలా ఉంచుగానీ, సోమారం నుంచి ఆషాఢం. లానమ్మని పుట్టింటికి పంపాల."

ఉపేంద్ర చొక్కా మార్చుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. "పుట్టిల్లు చైనాలో ఉందమ్మా."

"తెల్సు. ఈ ఊళ్లోనే బూన్ లేలో సావాసగత్తె ఉందన్నావు గదా. దాన్నే పుట్టిల్లనుకుంటే సరి."

"ఇప్పుడే చెప్పాను కదా, వాళ్లు వస్తారని! ఏ రోజు వస్తారో తెలీదు. ఇంట్లో పెళ్లాం లేకపోతే ఏమనుకుంటారు?"

"ఆషాఢం అని చెప్పు. ఆళ్లూ మనుషులేగా?"

"రిజిస్టరు పెళ్లయి ఆర్నెల్లయిందమ్మా! కొత్త పెళ్లికూతురేంటి ఇంకా?"

"కాయితం మీద పెళ్లి నాకు తెల్దు. పెరుమాళ్ల గుళ్లో నా కళ్లముందు తాళి కట్టావు, అది పోయిన నెల్లో. అత్తా కోడలూ ఆషాఢంలో ఒకే కప్పు కింద ఉండకూడదు. మీ నాయనమ్మ నన్ను పంపింది, నేనెళ్లాను."

"అయితే నువ్వే ఎక్కడికైనా వెళ్లు."

"నేనెక్కడికెళ్తాన్రా? నాకీ ఊళ్లో ఎవరున్నారు?"

యూలాన్ ఆకురాయి ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏంటి గొడవ?"

ఉపేంద్ర చెప్పాడు. వీలైనంత వెర్రిగా వినబడేలా చెప్పాడు. ఆమె నవ్వి కొట్టిపారేస్తుందనీ, అప్పుడు అమ్మతో 'అదుగో, తను ఒప్పుకోవట్లేదు' అనొచ్చనీ అతని ఎత్తు.

"అందరు ఆడవాళ్లనీ పంపుతారా?" అంది యూలాన్.

"కాదు. కొత్త కోడల్ని మాత్రమే."

"కోడలు" అన్న మాట ఆమెకు తెలుసు. గుళ్లో ఆ రోజు పదిసార్లు విన్నది. చేతిలోని సెట్టు మీద పొడి ఊదేసి, కుళాయి కింద కడిగి, రత్తమ్మ అరచేతిలో పెట్టింది. "సరే, వెళ్తా," అంది.

ఆ సాయంత్రం రత్తమ్మ చేగోడీలు కటకటా నమిలింది. ఆ చప్పుడు విన్నకొద్దీ ఉపేంద్రకి ఒళ్లు మండింది.

*

ఆషాఢం రెండో వారంలో, ఉపేంద్ర ఆఫీసుకి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే తలుపు కొట్టారు. ఇద్దరు. పిక్కల దాకా నల్ల స్కర్టు వేసుకున్న తమిళావిడ, మెడలో వాసుకి అన్న కార్డు. వెనకాల సన్నగా ఒక చైనీస్ కుర్రాఫీసరు, చేతిలో కెమెరా.

"మిసెస్ ఉన్నారా సార్?"

"లేరు. అంటే... ఇక్కడే ఉంటుంది. ఇప్పుడు లేదు."

తను చెప్పింది తనకే దొంగమాటలా వినిపించింది. వాళ్లు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. చెప్పుల స్టాండులో ఆడవాళ్ల చెప్పులు ఒకే జత, రత్తమ్మవి. బీరువా తీసి చూపించమన్నారు. ఒకవైపు అతని చొక్కాలు కిక్కిరిసి ఉన్నాయి, రెండోవైపు ఉత్త హ్యాంగర్లు. బట్టలన్నీ పట్టుకెళ్లడం ఎందుకని ఆవేళ అడిగితే, "వెళ్లడమంటే వెళ్లడమే కదా," అంది యూలాన్. ఆ పట్టుదల ఇప్పుడు కెమెరా ముందు ఖాళీ హ్యాంగర్లై వేలాడుతోంది. బాత్రూములో ఆమె బ్రష్షు లేదు. కుర్రాఫీసరు అన్నిటికీ ఫోటోలు తీశాడు.

"మా దగ్గర ఒక ఆచారం ఉంది," అని మొదలుపెట్టాడు ఉపేంద్ర. చెమట పోసేస్తోంది. "ఆషాఢ మాసమని. కొత్తగా పెళ్లయినవాళ్లు ఆ నెల విడిగా..."

వాసుకి ముఖం ఒక్కసారి తేలికపడింది. "ఆడి మాసమా? అయ్యో, మా అక్కని కూడా పంపారు సార్ అప్పుడు. నెలంతా బావ మా ఇంటిచుట్టూ తిరిగాడు."

ఉపేంద్రకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఊళ్లో ఇన్ని నెలల్లో తను చెప్పింది అర్థమైన మొదటి ఆఫీసరు. "అదేనండీ! సరిగ్గా అదే!"

వాసుకి గోడమీది క్యాలెండరు చూసింది. నవ్వు కొంచెం తగ్గింది. "కానీ ఆడి పదిహేడున కదా మొదలయ్యేది. ఇవాళ ఐదు."

"అది మీది. మాది వేరు. మీరు సూర్యుణ్ణి బట్టి లెక్కేస్తారు, మేం చంద్రుణ్ణి బట్టి. మాకు అమావాస్య తర్వాత్రోజే నెల మొదలవుతుంది..." చెప్తున్నకొద్దీ అది సాకులాగే ఉంది. నిజాన్ని ఇంత పొడుగ్గా చెప్పాల్సి రావడమంత దరిద్రం ఇంకోటి లేదనిపించింది.

"ఏవంటందిరా ఆవిడ?" కాఫీ గ్లాసులు పట్టుకుని రత్తమ్మ వచ్చింది.

"ఆషాఢం ఇంకా రాలేదంటోంది."

"రాకపోవడవేంటి! ఉండు, పంచాంగం తెత్తాను." గ్లాసులు వాళ్ల చేతుల్లో పెట్టేసి, దేవుడి అరలోంచి పంచాంగం తెచ్చి, వేలితో వరస చూపిస్తూ వాసుకి ముక్కుకింద పెట్టింది. "ఇదిగో సూడు తల్లీ, ఆషాఢ శుద్ధం. కళ్లజోడు కావాలా?"

వాసుకి తెలుగు అక్షరాల వంక మర్యాదగా చూసి పుస్తకం తిరిగిచ్చేసింది. ఆచారం తెలియని చైనీస్ కుర్రాడు తలూపి రాసుకుంటున్నాడు. తెలిసిన ఈవిడ నమ్మడం లేదు. సగం తెలిసినవాళ్లతో వచ్చే చిక్కే ఇది అని ఉపేంద్ర పళ్లు కొరుక్కున్నాడు.

"చాలామంది చాలా చెప్తారు సార్," అంది వాసుకి, కోపం లేకుండానే. "ఆవిడ ఉంటున్న అడ్రస్ ఇవ్వండి. శుక్రవారం ఇద్దరూ ఆఫీసుకి రండి. విడివిడిగా మాట్లాడతాం."

తలుపు వేశాక ఉపేంద్ర తల్లి మీద విరుచుకుపడ్డాడు. "అయిపోయింది! నీ ఆచారానికి నా కాపురం అయిపోయింది! చైనా పంపించేస్తారు, అప్పుడు పన్నెండు నెలలూ ఆషాఢమే చేసుకో!" ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసినందుకు చొక్కా భుజం మీద గోధుమరంగు మచ్చ పడింది. రత్తమ్మ ప్లగ్గు పీకి, చొక్కా తీసి మడతపెట్టింది. అతను ఇంకా రెండు మాటలనబోయి మానేశాడు.

*

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బూన్ లే వెళ్లాడు. యూలాన్ స్నేహితురాలి గదిలో అన్నీ అంతస్తుల మంచాలు, మంచానికో తెర. మగవాళ్లని పైకి రానివ్వరు. యూలాన్ కిందికొచ్చింది. తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో ఖాళీ బల్ల దొరికింది. ఆమె టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపి, రెండు టీలు తెచ్చింది. కప్పు పట్టుకున్న వేళ్లు ఎర్రగా పండి ఉన్నాయి. ఆదివారంనాడు రత్తమ్మ లిటిల్ ఇండియాలో గోరింటాకు కొని, రుబ్బి, డబ్బాలో పెట్టి కొడుకుచేత పంపించింది. డబ్బా ఇచ్చి వెళ్లిపో, కూర్చోకు అని కూడా చెప్పి పంపింది.

"ఇక్కడికీ వచ్చారు," అంది యూలాన్. "గదిలో వాళ్లనడిగారు, ఈమె ఎప్పట్నుంచి ఉంటోందని. కొత్తగా వచ్చిన పిల్ల 'చాలా రోజుల్నుంచి' అంది. పెళ్లికి ముందు ఇక్కడే ఉండేదాన్నిగా, పాత ఫోటోల్లో చూసుంటుంది. నాకు మంచి చెయ్యాలనే చెప్పింది పాపం."

ఉపేంద్ర తల పట్టుకున్నాడు. "ఇప్పుడే ఇంటికి పద. సూట్‌కేసు తెచ్చుకో. శుక్రవారం మనిద్దరం ఒక ఇంట్లోంచి వెళ్దాం."

"ఆషాఢం అయిపోలేదు."

"ఆషాఢాన్ని తగలెయ్! నీకు దాని సంగతేం తెలుసు? నాకే సరిగ్గా తెలీదు! మా అమ్మకి చెప్తాలే, ఏమీ అనదు."

"అమ్మ ఏమీ అనదు, తెలుసు." ఆమె అతని ముఖంవంక కాక పళ్లవంక చూసింది. ఉపేంద్ర నోరు మూసుకున్నాడు.

"నిన్ను పెళ్లి చేసుకున్న దగ్గర్నుంచీ అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు, అబద్ధం కదా అని," అంది యూలాన్ నెమ్మదిగా. "కౌంటర్‌లో అడిగారు. మా అన్న ఫోన్లో అడిగాడు. మీ ఆఫీసు స్నేహితులు నవ్వుతూ అడిగారు, నీకు తెలీదేమో. మీ అమ్మ ఒక్కతే అడగలేదు. కోడలివి, వెళ్లు అంది. నేను మధ్యలో వచ్చేస్తే ఎలా?"

"పాస్ రాకపోతే?"

ఆమె కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది. "భయంగానే ఉంది," అంది. "నీకొక్కడికే అనుకుంటున్నావా?"

అతను ఇంకా ఏదో వాదించాలనుకున్నాడు. ఆమె కళ్లు తడిసేసరికి, ట్రేలు తీసే ముసలాయన వచ్చి అడిగేదాకా ఖాళీ కప్పుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

*

శుక్రవారం నేనూ వస్తానంది రత్తమ్మ. వద్దన్నా వినలేదు. పట్టుచీర కట్టి, పళ్లసెట్టు పెట్టుకుని, రైల్లో నిటారుగా కూర్చుంది. తీరా ఆఫీసు అద్దాల తలుపుల దగ్గరికొచ్చాక ఆగిపోయింది.

"లానమ్మ లోపలుందా?"

"వచ్చేసుంటుంది."

"అయితే నేనిక్కడుంటాను. నువ్వెళ్లు."

ఎండ మాడ్చేస్తోంది. ఏసీలో కూర్చోవచ్చని సెక్యూరిటీ మనిషి చెయ్యూపి పిలిచినా, రత్తమ్మ పూలకుండీ పక్కన గొడుగు వేసుకుని నిలబడింది. ఉపేంద్ర నోటికొచ్చింది మింగుకుని లోపలికి పోయాడు.

హాలుకి రెండు చివర్లా రెండు బల్లలు. అటువైపు యూలాన్ ఎదురుగా ఆ కుర్రాఫీసరు. ఇటువైపు ఉపేంద్ర ముందు వాసుకి. భార్యకి ఇష్టమైన కూర ఏది, నిద్రలో ఏ పక్కకి తిరుగుతుంది, వాళ్ల ఊళ్లో ఏ నది ఉంది, మొదటిసారి ఎక్కడ కలిశారు. ఉపేంద్ర చెప్తూ పోయాడు. పంటినొప్పితో డాక్టరు దగ్గరికెళ్తే అక్కడ పళ్లు ఇవ్వడానికొచ్చిన అమ్మాయి తన పళ్లని చూసి పకపకా నవ్వింది, అలా కలిశాం అని చెప్పాడు. ఇది పెళ్లి అని నిరూపించడానికి ఈవిడకి ఇంకేం చెప్పాలో తోచలేదు. ఏ తెలుగు మొగుణ్ణయినా లాక్కొచ్చి ఇక్కడ కూర్చోబెడితే సగం ప్రశ్నలకి తెల్లమొహం వేస్తాడు, వాడి పెళ్లి మాత్రం ఎవరూ కాదనరు.

"మరి ఆ బూన్ లే గది?" అంది వాసుకి చివరికి. అన్నీ అక్కడికే వచ్చి ఆగుతున్నాయి. "మీ అమ్మగారు వచ్చారా? ఆవిణ్ణి రెండు మాటలడగాలి."

ఉపేంద్ర బయటికి పరిగెత్తాడు. "అమ్మా, లోపలికి రా. నిన్నడుగుతారంట."

"ఆ పిల్లని బయటికి రమ్మను, అప్పుడొత్తాను."

"తనని ప్రశ్నలడుగుతున్నారమ్మా, మధ్యలో ఎలా వస్తుంది! ఇది ఇల్లు కాదు, ఆఫీసు!"

"కప్పుందా లేదా?"

"అమ్మా!" అరిచాడు. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు. "నీకు దణ్ణం పెడతాను. తనని పంపించేస్తారు. నేను తనతో వెళ్లిపోవాలి, లేదా తను లేకుండా ఇక్కడుండాలి. ఏది కావాలో చెప్పు."

రత్తమ్మ కొడుకు ముఖం చూసింది. గొడుగు మూసింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పెదాలు కదుపుతూ ఏ దేవుడితోనో ఏదో మాట్లాడుకుని, గడప దాటినట్టు కుడికాలు ఎత్తి అద్దాల తలుపు దాటింది.

హాలు అవతలి చివర్లో యూలాన్ తలెత్తింది. అత్తగారిని చూసింది. కుర్రాఫీసరు ఏదో అడుగుతుండగానే లేచి, సంచి తీసుకుంది.

"మేడమ్? మేడమ్, ఎక్కడికి?"

ఆమె ఆగలేదు. గోడవారగా, బెంచీల వెనక నుంచి, అత్తగారికి దూరంగా చుట్టూ తిరిగి పక్కతలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయింది.

"యూలాన్! కూర్చో!" ఉపేంద్ర అరుపుకి బెంచీల మీది వాళ్లంతా తలలు తిప్పారు. నంబర్లు చూపించే బోర్డు టింగుమంది. అయిపోయిందనుకున్నాడు. ఇంటర్వ్యూ మధ్యలో లేచిపోయిన మనిషికి ఎవరిస్తారు పాసు? అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

"ఆవిడెందుకు వెళ్లిపోయింది?" వాసుకి అతని పక్కకొచ్చి నిలబడింది.

"ఎందుకా? మా అమ్మ లోపలికొచ్చింది, అందుకు. ఒకే కప్పు కింద ఉండకూడదు కదా." ఇక మర్యాద చూపించే ఓపిక అతనికి లేదు. "మీకూ తెలుసు. కాకపోతే పదిహేడో తారీఖున తెలుస్తుంది."

వాసుకి అద్దంలోంచి బయటికి చూసింది. యూలాన్ అదే పూలకుండీ పక్కన, గొడుగు కూడా లేకుండా ఎండలో నిలబడి ఉంది. వాసుకి రత్తమ్మ వైపు తిరిగి, తమిళంలో ఒక్కో మాటా విడదీసి అడిగింది. "అమ్మా, అంద పొణ్ణు ఉంగ మరుమగళా?"

"కోడలా అనేనా అడుగుతంది?" అంది రత్తమ్మ. కొడుకు తలూపాడు. ఆమె వాసుకిని కిందనుంచి పైదాకా చూసింది, ఇంత చదువుకుని ఇదా అడిగేది అన్నట్టు.

"కోడలు కాకపోతే ఎందుకు పంపుతానమ్మా? పరాయి పిల్లయితే పన్నెండు నెలలూ నా ఇంట్లోనే ఉండనిద్దును గదా."

ఉపేంద్ర దాన్ని ఇంగ్లీషులో చెప్పబోయాడు. మొదటి సగం చెప్పి ఆగిపోయాడు. ఆషాఢం పేరెత్తితే ఇన్నాళ్లూ అతను విసుక్కున్నాడు, సాకులా చెప్పాడు, తనకే నమ్మకం లేనిదాన్ని ఎదుటివాళ్లు నమ్మలేదని కోప్పడ్డాడు. తను ఫోటోలూ సర్టిఫికెట్లూ మోసుకుని కౌంటర్ల చుట్టూ తిరుగుతుంటే, ఈ ఇద్దరాడవాళ్లూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ఆ పెళ్లిని మోస్తున్నారు. సిగ్గేసింది.

వాసుకి మిగతా సగం అడగలేదు. కుర్రాఫీసరు చేతిలోంచి ఫైలు తీసుకుని, తనే బయటికి వెళ్లింది. అద్దం అవతల ఇద్దరూ ఎండకి కళ్లు చిట్లించుకుని మాట్లాడుకోవడం కనిపించింది. వాసుకి యూలాన్ చేతుల్ని తిప్పి చూసింది. ఏదో అడిగింది. యూలాన్ రెండు చేతుల్తో ఏదో రుబ్బినట్టు అభినయించి, మూతి ముడిచి రత్తమ్మలా చూపించింది. వాసుకి నవ్వింది.

తిరిగొచ్చాక మాత్రం ముఖం ఆఫీసు ముఖమే. "ఇవాళ ఏ మాటా ఇవ్వలేను సార్. పైవాళ్లు చూడాలి. విజిట్ పాస్ ఇంకో నెల పొడిగిస్తున్నా. ఇంటికి మళ్లీ వస్తాం, ఎప్పుడన్నది చెప్పకూడదు." పెన్ను తీసి, ఒక్క క్షణం ఆగి, తలెత్తకుండా అడిగింది. "మీ లెక్క ప్రకారం ఎప్పటికి అయిపోతుంది?"

"ఇరవయ్యైదు అమావాస్య. ఇరవయ్యారు నుంచి శ్రావణం," అన్నాడు ఉపేంద్ర.

వాసుకి ఆ తారీఖు ఫైలు మీద రాసుకుంది.

*

స్టేషన్‌కి ముగ్గురూ విడివిడిగా నడిచారు. ముందు యూలాన్, వెనక కొంత దూరంలో రత్తమ్మ, మధ్యలో ఉపేంద్ర. ప్లాట్‌ఫారం మీద రైలు తలుపులు తెరుచుకున్నాయి. యూలాన్ ఒక పెట్టె ఎక్కి, వీళ్లు వేరే పెట్టెలోకి వెళ్తారని తలుపు దగ్గరే నిలబడింది. రత్తమ్మ ఆమె వెనకే ఎక్కి కూర్చుని, పక్క సీటు చేత్తో తట్టింది.

"రా, కూర్చో."

యూలాన్ పైన రేకు కప్పు చూపించింది. "అమ్మా, ఆషాఢం."

"ఇది రైలే లానమ్మా. కదిలేది ఇల్లెలా అవుతుంది?"

"ఆఫీసుకి కప్పుంటే తప్పా, రైలుకుంటే తప్పు లేదా?" అన్నాడు ఉపేంద్ర.

"నువ్వు నోర్ముయ్యరా."

యూలాన్ కూర్చుంది. రత్తమ్మ ఆమె చెయ్యి తీసుకుని గోరింటాకు ఎలా పండిందో ఒక్కో వేలూ పరీక్ష చేసింది. ఎండకి కందిన మెడని కొంగుతో తుడిచింది. యూలాన్ తనకొచ్చిన తెలుగంతా కూడదీసుకుని, పళ్లు నొప్పి లేదా అని అడిగింది. రత్తమ్మ నోరు తెరిచి చూపించింది.

సిటీ హాల్ వచ్చింది. యీషున్ వెళ్లాలంటే ఇక్కడ దిగి మారాలి. ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. "అమ్మా, మనం దిగాలి."

రత్తమ్మ కదల్లేదు. తలుపులు టూటూమని మూసుకోబోతున్నాయి.

"అమ్మా, ఇదే!"

"ఈ రైలు ఎందాకా పోద్ది?"

"బూన్ లే దాకా. అక్కడితో ఆఖరు."

"పోనీ," అంది రత్తమ్మ, కోడలి చెయ్యి వదలకుండా. "ఆఖరి దాకా పోదాం. దిగాక అది దాని పుట్టింటికి పోద్ది, మనం మన ఇంటికి పోదాం."

తలుపులు మూసుకున్నాయి. ఉపేంద్ర వాళ్లకి ఎదురుగా, కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు.